మెషీన్ కూసింది, తవ్వేద్దామా?

పాత నాణేల మీద పాఠకుల ప్రశ్నలు అడిగామో లేదో, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ వచ్చి పడ్డాయి. ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రమే వేస్తున్నాం.

మాస్టారూ, నేను డిగ్రీ ఫైనలియర్. ఇంగ్లండ్‌లో పొలాల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగి రోమన్ నాణేలు తీసే వీడియోలు చూసి చూసి ఆన్‌లైన్‌లో ఒక మెషీన్ తెప్పించుకున్నాను. ఆదివారం ఫ్రెండ్స్‌తో శాలిహుండం కొండకో, దంతపురం కోట దిబ్బకో వెళ్దామనుకుంటున్నాం. పైపైనే తవ్వి మళ్లీ పూడ్చేస్తాం. తప్పేముంది? – ఆమదాలవలస

తప్పకుండా వెళ్లండి. మెషీన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

శాలిహుండం పాత బౌద్ధ శిథిలాలున్న కొండ, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. శ్రీముఖలింగం గుళ్లూ, విజయనగరం వైపు రామతీర్థం గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలూ అంతే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం ఇలాంటి చోట అనుమతి లేకుండా పార దించకూడదు. 2010లో ఆ చట్టాన్ని సవరించి శిక్ష కూడా పెంచారు, రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. "జానెడు గొయ్యే కదా" అంటే కాపలా మనిషి వినడు, వినకూడదు కూడా. దంతపురం దిబ్బ సంగతికొస్తే, ఆ మట్టి కింద ఏముందో ఇంకా పూర్తిగా చదవనేలేదు, చదవకముందే పేజీలు చింపేస్తే ఎలా బాబూ?

మీరు చూసిన వీడియోల్లో చూపించనిది ఒకటుంది. బ్రిటన్‌లో కూడా పొలం యజమాని ఒప్పుకుంటేనే లోపల అడుగు పెట్టాలి, రక్షిత స్థలాల్లో డిటెక్టర్ నిషేధం, 1996 నాటి ట్రెజర్ యాక్ట్ కిందకి వచ్చే వస్తువు దొరికితే 14 రోజుల్లో అధికారికి చెప్పాలి. కాగితం పని వీడియోలో బోరు కొడుతుంది కాబట్టి కట్ చేస్తారు, మనకి కనిపించేది మట్టిలోంచి తళుక్కున బయటపడే వెండి బిళ్ళ ఒక్కటే.

ఇక "మళ్లీ పూడ్చేస్తాం" అన్నారు చూడండి, అసలు గొడవంతా అక్కడే ఉంది. శాలిహుండం సంగతి 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారి వల్ల లోకానికి తెలిసింది. తర్వాత తవ్వకాల్లో శాతవాహనుల నాణేలూ, పూరీ-కుషాణ్ అని పిలిచే రాగి నాణేలూ దొరికాయి. ఈ రెండోవి కుషాణుల నాణేలని చూసి అచ్చుల్లో పోతపోసిన బిళ్ళలు, బొమ్మ మొద్దుగా ఉంటుంది, చాలావాటి మీద ఒక్క అక్షరం ఉండదు, రాజు పేరు లేదు, సంవత్సరం లేదు. మరి కాలం ఎలా చెప్తారు? ఆ బిళ్ళ ఏ ఇటుక గచ్చు కింద ఉంది, పైన ఉంది, పక్కన ఎలాంటి కుండపెంకులున్నాయి, దాన్ని బట్టే. గచ్చు కింద నాణెం పడి ఉందంటే గచ్చు వేసింది నాణెం తర్వాతే అని తేలుతుంది. మీరు దాన్ని పీకి జేబులో వేసుకున్న క్షణం నుంచి అది పావు కాసు చెయ్యని రాగి ముక్క, ఆ గొయ్యిని ఎంత అందంగా పూడ్చినా సరే.

మెషీన్ కొన్నందుకు బాధపడకండి, కొనడం నేరం కాదు. మీ నాన్నగారి పొలంలో, తోటలో, అనుమతి ఇచ్చిన వాళ్ల కళ్లంలో వాడుకోండి. దొరికితే ఏం చెయ్యాలో కింద జలుమూరు రైతుగారికి రాసిన జవాబు చదవండి.

కళింగపట్నం బీచ్‌లో మా మెషీన్ అడుగడుక్కీ కూస్తోంది. పాత రేవు కదా, ఓడలు మునిగిన చోటు అయ్యుంటుంది, కింద ఏదో ఉంది అని మా బావ పట్టు పట్టాడు. నిజమేనంటారా? – గార

కింద ఉన్నది ఇసుక. బావగారికి నా మాటగా చెప్పండి.

మన తీరం పొడుగునా ఇసుకలో నల్లటి చారలు కనబడతాయి కదా, అందులో ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. ఇల్మనైట్‌లో ఉండేది ఇనుము, టైటానియం. దానికి తోడు తడిసిన ఉప్పు ఇసుకలో కరెంటు పారుతుంది. మామూలు డిటెక్టర్ పని చేసే తీరు చూస్తే, గుండ్రటి ప్లేటులోని తీగచుట్ట నేలలోకి అయస్కాంత తరంగం పంపుతుంది, లోహం ఎదురైతే అందులో చిన్న విద్యుత్ సుడులు పుట్టి తిరుగు సిగ్నల్ ఇస్తాయి, ఆ సిగ్నల్ ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి మెషీన్ ఇది ఇనుమా, రాగా, వెండా అని ఒక అంకె చూపిస్తుంది. నల్ల ఇసుకా ఉప్పునీళ్లూ కలిస్తే ఆ లెక్కంతా గందరగోళం. గ్రౌండ్ బ్యాలెన్స్ అనే సెట్టింగ్ ఉంటే ఆ చోట నేలకి సరిపడా సర్దుకోండి, సెన్సిటివిటీ తగ్గించండి, పొడి ఇసుక మీదకి జరగండి. తడి ఇసుకకి పల్స్ ఇండక్షన్ రకం మెషీన్లు నయం, కానీ అవి ఇనుప మేకునీ వెండి రూపాయినీ సరిగా వేరు చెయ్యవు.

నిజమైన సిగ్నల్ అయితే ప్లేటుని తూర్పు పడమరలుగా ఊపినా, ఉత్తరం దక్షిణంగా ఊపినా అదే చోట, అదే గొంతుతో పలుకుతుంది. ఒకవైపు పలికి ఇంకోవైపు నోరు మూసుకుంటే వంకర మేకో, ఇసుకో. ముందు పెరట్లో మీరే ఒక ఐదు రూపాయల బిళ్ళ పైపైన పాతి, దాని మీద ఊపుతూ చెవి అలవాటు చేసుకోండి. అంగుళం అంగుళం లోతు పెంచుతూ ఎక్కడ మూగబోతుందో చూడండి. ఆ దెబ్బతో లోతు గురించి డబ్బా మీద రాసిన మాటలు ఎంత నిజమో మీకే తెలిసిపోతుంది. తొమ్మిది, పది అంగుళాల ప్లేటుతో రూపాయి అంత నాణెం ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతులో దొరికితే మంచి మెషీన్ అన్నట్టే.

ఇంకో మాట. పల్చటి బంగారానికి వచ్చే అంకే మాత్రల షీటు రేకుకీ, సోడా టిన్ను మూతకీ కూడా వస్తుంది. బీచ్‌లో బంగారం వెతికేవాడు ముందు ఊరందరి చెత్తా ఏరాలి, వేరే దారి లేదు. కార్తీక మాసం పిక్నిక్కులయ్యాక ఎవరిదో ఉంగరం పోతే వెతికి ఇవ్వండి, మెషీన్‌కి అంతకంటే మంచి పని ఆ తీరంలో నాకు కనబడలేదు.

అయ్యా, నేను కౌలు రైతుని. తొలకరికి ట్రాక్టర్‌తో దున్నిస్తుంటే చిన్న ముంత పగిలి, గోరు కంటే చిన్న పసుపు పచ్చటి బిళ్ళలు బయటపడ్డాయి. ఒకపక్క పడుకున్న ఎద్దులాగా ఉంది, ఇంకోపక్క ఏదో అక్షరం, కింద గీతలు. డ్రైవరు కుర్రోడూ నేనే చూశాం. మా బామ్మర్ది "ఎవరికీ సెప్పకు బావా, కంసాలి దగ్గిర కరిగించేద్దాం" అంటన్నాడు. పొలం ఆసామి విశాఖలో ఉంటాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – జలుమూరు మండలం

ముందు కరిగించడం ఆపండి. నిద్ర సంగతి తర్వాత చూద్దాం, మీరు చేసింది తప్పేమీ లేదు ఇప్పటిదాకా.

మీరు చెప్పిన ఆనవాళ్లు, ఒకప్పుడు కళింగని ఏలిన తూర్పు గాంగుల బంగారు పణాలకి సరిపోతున్నాయి. మీ మండలంలోని ముఖలింగమే వాళ్ల రాజధాని కళింగనగరం అని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. అర గ్రాముకి అటూ ఇటూగా తూగే బుల్లి నాణెం, ముందువైపు పడుకున్న నంది, వెనక "స" అనే అక్షరం, అంటే సంవత్సరం అని, దానికి పక్కన అంకుశం, కింద అంకె. ఆ అంకె రాజు పాలనలో ఎన్నో ఏడో చెబుతుంది. అదీ తిన్నగా లెక్కపెట్టరు, ఒకటి వదిలేస్తారు, ఆరూ ఆరుతో ముగిసేవీ వదిలేస్తారు, పది తప్ప సున్నాతో ముగిసేవన్నీ వదిలేస్తారు. అలా దాటేసుకుంటూ పోతే నాణెం మీద 21 అని ఉంటే నిజానికి పదిహేడో ఏడు. ఇంత లెక్క పెట్టిన మహానుభావులు రాజు పేరు మాత్రం వెయ్యలేదు! అందుకే ఆ పణం ఒక్కటే చేతిలో ఉంటే ఏ రాజుదో చెప్పడం కష్టం. మొత్తం ముంత ఒకచోట ఉంటే, ఏయే అంకెలు ఉన్నాయి, అన్నిటికంటే పెద్ద అంకె ఏది, పక్కన ఇంకే నాణేలు కలిసి ఉన్నాయి అని చూసి కొంతవరకు తేలుస్తారు. కాబట్టి డ్రైవరుకి నాలుగు, బామ్మర్దికి ఆరు అని పంచకండి. ముంత పెంకులు కూడా పారెయ్యకండి, ఆ చోట ఒక కర్ర పాతి గుర్తు పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి, ఇంకా తవ్వకండి.

ఇప్పుడు చట్టం. 1878లో తెల్లదొరలు చేసిన నిధుల చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు, పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాడు కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన, ఇవీ అందులో రాయాల్సినవి. వస్తువుని దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో దాఖలు చెయ్యాలి, లేదా కలెక్టర్ అడిగినప్పుడు తెస్తానని హామీ ఇవ్వాలి. మీకు కలెక్టరాఫీసు దూరం అనిపిస్తే వీఆర్వోనీ, తహసీల్దారునీ వెంటబెట్టుకుని అర్జీ పెట్టండి, పెట్టిన అర్జీకి రసీదు తీసుకోకుండా మాత్రం గుమ్మం దిగకండి. బిళ్ళలు ఎన్నో లెక్కపెట్టి, కాటా మీద బరువు తూయించి, ఆ అంకెలు అర్జీలోనే రాయండి, పంచనామా కాగితం మీదా అవే ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆ తర్వాత కలెక్టర్ ప్రకటన ఇస్తారు, నాలుగు నెలల తర్వాత, ఆరు నెలల లోపు వచ్చే ఒక తేదీన విచారణ. గడిచిన వందేళ్లలో ఎవరో దాచినట్టు అనిపిస్తే వాళ్లు కోర్టుకి వెళ్లడానికి గడువిస్తారు, మీ విషయంలో ఆ బాధ లేదనుకుంటాను. ఎవరిదీ కాదని తేలితే, ముందుగా వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పాతిక వంతు, భూమి యజమానికి పాతిక వంతు. అంటే కౌలుదారు అయినా పెద్ద వాటా దొరికించుకున్న వాళ్లదే. డ్రైవరు కుర్రాడు కూడా అప్పుడే చూశాడు కాబట్టి అతని పేరు అర్జీలో రాయండి, రేపు తగువు రాకుండా. ప్రభుత్వం ఆ నాణేలు తనకే కావాలనుకుంటే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి డబ్బు ఇస్తుంది. నన్నడిగితే ఇది పిసినారి లెక్క. తొమ్మిది వందల ఏళ్ల నాణేనికి కంసాలి రేటు మీద ఇరవై శాతమా? జనం దాచేసుకోవడానికి సగం కారణం ఇదే, చట్టం మార్చాల్సిన వాళ్లు ఆలోచించాలి.

అయినా దాచడం కంటే చెప్పడమే మీకు లాభం. చెప్పకపోతే మీ వాటా మొత్తం ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు, తెలిసి సహకరించిన ఆసామికి ఆరు నెలలు. కంసాలి కరిగించాక మీ చేతికొచ్చేది తరుగు పోగా నాలుగు రాళ్లు, పైగా ఊళ్లో ఎవడో ఒకడు నోరు జారేదాకా గుండె దడ. బామ్మర్దికి ఈ పేజీ చదివి వినిపించండి.

మా అత్తగారి ట్రంకు పెట్టెలో పాత నాణేలున్నాయి. రాణి బొమ్మ వెండి రూపాయలు, చిల్లు కానీలు, పులి బొమ్మ రూపాయి ఒకటి, ఇంకా రాగిది ఒకటి, దాని మీద ఇంగ్లీషులో "48 టు వన్ రూపీ" అని ఉంది. ఇవి కూడా కలెక్టర్‌కి చెప్పాలా? నల్లగా ఉన్నాయి, చింతపండుతో తోమొచ్చా? – విజయనగరం, కోట దగ్గర

చెప్పక్కర్లేదమ్మా. అవి నేలలో దొరికినవి కావు, ఇంట్లో తరతరాలుగా ఉన్నవి, మీవే. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు, 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు, అమెరికాలో ఉన్న అబ్బాయికి కొరియర్ చేద్దామనుకుంటే మానుకోండి.

చింతపండు, నిమ్మకాయ, ఇటుక పొడి, పళ్ల పొడి, పీతాంబరి – వేటి జోలికీ వెళ్లొద్దు. దండం పెట్టి చెబుతున్నాను. రాగి మీద పట్టిన ముదురు గోధుమ రంగో, నున్నటి ఆకుపచ్చటి పొరో నాణేనికి కవచం, తోమితే అదీ పోతుంది, దాంతో పాటు కొనేవాడి ఆసక్తీ పోతుంది. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో అద్ది, నీడన పూర్తిగా ఆరనివ్వండి. ఒకవేళ లేత ఆకుపచ్చ రంగులో, గోటితో గీరితే పొడిలా రాలే చుక్కలుంటే అది ఉప్పు తెచ్చిన రోగం, ఆ నాణేన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి తడి తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ సంచీ కంటే విడివిడి కాగితం కవర్లు మేలు.

రాణి రూపాయల్లో 1876 దాకా "క్వీన్" అనీ, 1877 నుంచి "ఎంప్రెస్" అనీ ఉంటుంది. బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అరిగినవి అయితే వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తుంది, అంతకంటే ఆశ పెట్టుకోవద్దు, లక్షల్లో ముద్రించినవి అవి. చిల్లు కానీలు 1943 నుంచి 1947 దాకా వచ్చినవి, పిల్లలకి చూపించడానికి బావుంటాయి. పులి రూపాయి 1947 నాటిది, నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకుంది కదా అని దొంగ నాణెం అనుకోకండి.

ఇక ఆ రాగిది. మీ పెట్టెలో నాకు నచ్చింది అదే. ఈస్టిండియా కంపెనీ మన ఉత్తర సర్కారుల కోసమే ప్రత్యేకంగా ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, సోహో టంకశాలలో కొట్టించిన నాణెం, నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి. 1794 అనో 1797 అనో ఉంటుంది, భూతద్దంతో చూడండి. నాణెం అంచు మీద, మందం మీద కూడా అక్షరాలుంటాయి, అక్కడా చూడండి. 1794 అయితే మీ ఊరికి ఆ అంకె కొత్తది కాదు, పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు గారు కంపెనీ సేనల చేతిలో చనిపోయింది ఆ ఏడు జులైలోనే. ఎంత వస్తుందని అడగలేదు మీరు, సంతోషం. అమ్మకండి.

ఇరవై మీటర్ల లోతులో బంగారం మాత్రమే చూపించే జర్మన్ మెషీన్ అద్దెకిస్తామని, మా కొండ మీద నిధి ఉందని, పూజకి అడ్వాన్సు అడుగుతున్నారు. సగం వాటా ఇస్తారట. – సాలూరు వైపు నుంచి

ఇవ్వకండి. జానెడు లోతులో నాణెం పట్టుకోవడానికే మంచి మెషీన్లు తంటాలు పడతాయని పైన రాశాను. పెద్ద ప్లేటు మెషీన్లు బిందె అంత లోహాన్ని ఒక మీటరో రెండు మీటర్లో చూడగలవు, అంతకు మించి "దూరం నుంచే బంగారం" అనేవన్నీ యాంటెన్నా తగిలించిన ఖాళీ డబ్బాలు. బియ్యాన్ని తనకేసి లాక్కుంటుందనే రాగి చెంబు, రైస్ పుల్లింగ్, ఇరిడియం, ఇవన్నీ ఆ బ్యాచే. పూజ, నిధి అంటూ గుళ్లో నంది కింద తవ్వినవాళ్లు పేపర్లకెక్కింది చూడలేదా? వాళ్లు మళ్లీ వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి.

1818 అని ఉన్న, ఆంజనేయస్వామి బొమ్మ ఉన్న కంపెనీ అణా మా దగ్గర ఉంది. ఒకాయన ఫోన్ చేసి ఐదు లక్షలిస్తాం, ముందు రిజర్వ్ బ్యాంకు ఫీజు కట్టాలి అన్నాడు. – పలాస

కంపెనీ వారు ఆంజనేయస్వామి అణా ఎప్పుడూ వెయ్యలేదండీ. దక్షిణాదిన బంగారు వరహాల మీద దేవుడి బొమ్మలున్నాయి, అది వేరే కథ. 1616, 1717, 1818 అంటూ రాముడు, ఆంజనేయుడు, లక్ష్మి బొమ్మలతో తిరిగే రాగి, ఇత్తడి బిళ్ళలు తర్వాత ఎప్పుడో తయారు చేసి అమ్మినవి. పూజలో పెట్టుకోండి, అభ్యంతరం లేదు. రిజర్వ్ బ్యాంకు ఫీజు అనేది పచ్చి మోసం, పాత నోట్లు, నాణేల వ్యాపారంతో తమకి సంబంధం లేదనీ, కమీషన్లూ పన్నులూ వసూలు చెయ్యమనీ ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

మా తాతగారి కొబ్బరితోటలో డిటెక్టర్‌తో తిరిగితే ఒక రాగి బిళ్ళ దొరికింది. ఫోటో పంపుతున్నాను, ఏ కాలందో చెప్పండి అంకుల్. – సోంపేట, పదో తరగతి

ఒక వైపే పంపావమ్మా, అదీ అరచేతిలో, ఫ్లాష్ వేసి. సైజు తెలీదు, బొమ్మ తెలీదు. కిటికీ పక్కన, తెల్ల కాగితం మీద, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి, రెండు వైపులా తియ్యి. కంసాలి కాటా మీద తూచి గ్రాములు రాయి. తోటలో ఏ మూల, ఏ చెట్టుకి ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతున దొరికిందో తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీ ఫోటో కూడా పంపు. ఒక్కటే దొరికిందా, అదే చోట మళ్లీ కూసిందా? మళ్లీ కూస్తే తవ్వకు, తాతగారిని పిలిచి పైన జలుమూరు రైతుగారి జవాబు చూపించు.